చన్నీళ్ళు పోయని సోమవారం

సోమవారం నాడు రేవులో చేయవలసిన పనులు ఇవి.

పదకొండు ఇళ్ళ మూటలు విప్పి, తెల్లవి ఒక కుప్ప, రంగువి ఒక కుప్ప వేయాలి. పట్టుబట్ట ఉంటే తడి తగలకుండా పక్కన పెట్టాలి. నూనె మరక మీద ముగ్గుపిండి చల్లి, అది నూనెను పీల్చుకునేదాకా కదపకూడదు. తుప్పు మరకకు నిమ్మచెక్క, ఉప్పు పట్టించి ఎండలో పరచాలి. సిరా మరకను పుల్లమజ్జిగలో నానబెట్టాలి. పసుపు మరకను సబ్బుతో రుద్దకూడదు, రుద్దితే ఎర్రబారుతుంది. దాన్ని ఎండకే వదిలేయాలి. నెత్తురు మరకకు ముందు చన్నీళ్ళు, తరువాత ఉప్పు, మళ్ళీ చన్నీళ్ళు. వేడి మాత్రం సోకనివ్వకూడదు. వేడి సోకిందంటే ఆ నెత్తురు ఇక బట్టను వదలదు. మరకలన్నీ విరిగాక బట్టలను చౌడు నీళ్ళలో ముంచి, పిండి, నా కడుపులో చుట్లు చుట్లుగా పేర్చి, కింద మంట వేయాలి.

ఒక కార్తీక సోమవారం నాడు వీటిలో ఒక పని జరగలేదు. మరిచిపోయి కాదు.

నేను చాకళ్ళు బట్టలు ఉడకబెట్టే రాగి చాకిబానను. గుండ్లకమ్మ ఒడ్డున చినదేవిపాడు అనే ఊళ్ళో నలభై ఏళ్ళు పొయ్యి మీద కూర్చున్నాను. నన్ను చేసిన కంచరి సుత్తి దెబ్బలు ఇప్పటికీ నా ఒంటి మీద చేపపొలుసుల్లా కనిపిస్తాయి. మట్టిబానలు ఏటా పగిలిపోతుంటే విసిగిపోయి, మల్లమ్మ అనే చాకలామె తన కాళ్ళ కడియాలు ఇచ్చేసి నన్ను చేయించుకుంది. ఆ తరువాత ఆమె కాళ్ళు ఎప్పుడూ బోసిగానే ఉన్నాయి. ఎవరైనా అడిగితే, "నా కడియాలు పొయ్యి మీదున్నాయిలే" అనేది. కన్నుమూసే ముందు నన్ను కోడలు రావులమ్మకు అప్పగించింది.

మనుషులు ఒకరినొకరు ముందు నుంచి చూసుకుంటారు. నేను వాళ్ళను మాసిన వైపు నుంచి చూశాను. వీధిలో నిలబడి ఊరంతటినీ అదిలించే పెద్దమనిషి తలగడ గలీబు మీద కన్నీటి చారలు ఉండేవి. ఏకాదశి నాడు పచ్చిమంచినీళ్ళు కూడా ముట్టలేదని చెప్పుకునే ఇల్లాలి కొంగున గారెల నూనె ఉండేది. ఎవరి సంగతీ నేను ఎవరికీ చెప్పలేదు. అందరినీ కలిపి ఉడకబెట్టాను, తెల్లగా చేసి పంపాను. నా కడుపులో ఉన్నంతసేపే ఆ ఊరు ఒక్కటిగా ఉండేది. ఒడ్డుకు చేరాక ఎవరి ఇల్లు వాళ్ళదే.

అలా కలిసిపోయిన బట్టలను మళ్ళీ ఏ ఇంటివి ఆ ఇంటికి చేర్చేది గుర్తు. రావులమ్మ నల్లజీడి గింజను సూదితో గుచ్చి, అందులోంచి వచ్చే నల్లటి పాలతో బట్ట మూలన ఇంటికో గుర్తు పెట్టేది. పెద్దింటి భూషయ్యగారికి మూడు చుక్కలు. కరణంగారికి ఒక కొక్కెం. ఆ గుర్తును చౌడు కరిగించలేదు, మంట చెరపలేదు. బట్ట చిరిగి పేలిక అయినా గుర్తు మిగులుతుంది. రావులమ్మ బడి మొహం చూడలేదు గానీ, చుట్టుపక్కల నాలుగు ఊళ్ళ చాకళ్ళ గుర్తులు గడగడా చదివేది.

ఆ ఊరికి సత్యానందం మాస్టారు వచ్చారు. ఆయన గుండ్లకమ్మ అవతలి ఊరి మాలపల్లిలో పుట్టి, ట్రైనింగు చదివి, ఒక్క గది బడికి ఒక్కడే మాస్టారై వచ్చినవాడు. మాలపల్లి బట్ట ఊరి రేవుకు రాకూడదని అక్కడి కట్టు. మొదటివారం ఆయన తన బట్టలు తానే ఉతుక్కుంటుంటే రావులమ్మ చూసి, చేతిలోంచి లాక్కుంది.

"ఇట్టా బాదితే చొక్కా బతుకుద్దా మాస్టారూ? ఇటియ్యండి."

ఆమె మొగుడు చెన్నయ్య బెదిరిపోయాడు. "ఏందే నువ్వు చేసే పని? ఊరు ఊరుకుంటదా?"

"మురికికి కులం ఉందేంది? ఉంటే నాకు చూపించు, దాన్ని కూడా ఉతుకుతా."

ఆయనకు ఆమె కొత్త గుర్తు పెట్టింది: ఒక నిలువు గీత, దానికి అటూ ఇటూ రెండు చుక్కలు. ఆ గుర్తు ఊళ్ళో ఎవరికీ లేదు. మాస్టారు తువ్వాలు మూల తిప్పి చూసుకుని నవ్వారు. "ఇది నా సంతకమా అక్కా? అయితే నీ సంతకం నీకు నేర్పాలి."

అలా ప్రతి ఆదివారం సాయంత్రం నా పొయ్యి పక్కన ఇసుకలో అక్షరాలు పడ్డాయి. రావులమ్మ చేతులు బండ మీద ఎంత చురుకో ఇసుకలో అంత మొద్దు. 'రా' రాయడానికి నెల పట్టింది. ఆమె చిరాకు పడి చెరిపేస్తే ఆయన ఓపికగా మళ్ళీ రాసేవారు.

ఆ ఏడు భూషయ్యగారు రేవు గట్టు తన పొలంలోదేనని చెప్పి కంచెకు గుంటలు తవ్వించడం మొదలుపెట్టారు. గట్టు పోతే బట్ట ఆరేసే తావు లేదు, నా పొయ్యికి చోటు లేదు, రావులమ్మకు ఆ ఊళ్ళో బతుకు లేదు. మాస్టారు అర్జీ రాసి, ఆమె చేత వేలిముద్ర వేయించి, పట్నానికి పంపారు. రాసిన చేతిరాత ఎవరిదో పెద్దింటికి తెలియడానికి ఎన్నో రోజులు పట్టలేదు. ఊళ్ళో ఆ చేతిరాత ఇంకెవరికి ఉంది?

ఆ ఆదివారం పొద్దు వాలుతుండగా 'ల' పూర్తయింది. ఇసుక మీద మూడు అక్షరాలు వరసగా నిలబడ్డాయి. అప్పుడే భూషయ్యగారి జీతగాళ్ళ పెద్ద అంకయ్య వచ్చాడు.

"మాస్టారూ, అయ్యగారు పిలుస్తున్నారు. అర్జీ సంగతి కూర్చుని మాట్లాడుకుందామంట."

"మంచిదేగా" అని మాస్టారు లేచి తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నారు. "అక్కా, ఒక్క 'మ్మ' మిగిలింది. రేపొచ్చి చెబుతా. ఇది చెరిపెయ్యబాక."

ఆయన గట్టెక్కి వెళ్ళిపోతుంటే ఆ తెల్ల తువ్వాలు చాలాదూరం కనిపించింది. నేను ఆయనను చూడటం అదే చివరిసారి. తువ్వాలును మాత్రం మళ్ళీ చూశాను.

మరునాడు సోమవారం. ఎప్పుడైనా రావులమ్మే ఇల్లిల్లూ తిరిగి మూటలు తెచ్చుకుంటుంది. పెద్దింట్లో అయితే కోడలు గుమ్మంలో నిలబడి, ఒక్కొక్క బట్టా ఎంచి చెప్పి మరీ వేస్తుంది. ఆ రోజు అంకయ్య స్వయంగా మూట భుజాన వేసుకుని రేవులోకి దిగాడు. పెద్దింటి మగవాళ్ళు మూట కట్టడం, మోయడం ఆ ఊళ్ళో ఎవరూ చూడలేదు. చెన్నయ్య చేతిలో బట్ట చేతిలోనే ఆగిపోయింది.

"ఇది ముందు ఉతుకు. మేకను కోశాం, నెత్తురు పడింది" అన్నాడు అంకయ్య.

రావులమ్మ ఏదో అనబోయి నోరు మూసుకుంది. ఆమె ఏమనబోయిందో నాకు తెలుసు. కార్తీకం పుట్టిందంటే పెద్దింట్లో గుడ్డు కూడా గడప దాటదు. వాళ్ళ బట్టలకు ఆ నెలంతా దీపాల నూనె వాసనే తప్ప మసాలా వాసన ఉండదు.

మూట విప్పింది. ఒక పంచె, రెండు చొక్కాలు. పంచె మడతలోపల ఉండలా చుట్టుకుపోయి ఇంకొక బట్ట. ఆమె వేళ్ళు దాని మూలను తడిమి ఆగాయి. నిలువు గీత. అటూ ఇటూ రెండు చుక్కలు.

గాలి కూడా ఆడని ఉదయం అది. అవతలి ఒడ్డున ఒక కొంగ నీళ్ళలోకి చూస్తూ నిలబడింది. రావులమ్మ ఆ ఉండను విప్పలేదు. పంచెలోకే మళ్ళీ తోసేసి, అన్నిటినీ కలిపి పట్టుకుని నీళ్ళ వైపు అడుగు వేసింది. నెత్తురు బట్ట చేతికొస్తే ఆమె కాళ్ళు ఆమెను అడగకుండానే చన్నీళ్ళ వైపు నడుస్తాయి.

"ఆ నీళ్ళలో జాడించడం కాదు" అని అంకయ్య అడ్డం వచ్చాడు. "బానలో వేసి ఉడకబెట్టమన్నారు అయ్యగారు. మరక చిన్నమెత్తు మిగలకూడదు. నా కళ్ళముందే వెయ్యి. ఉడికిందాకా కూర్చుంటా."

రావులమ్మ ఆగింది. అతని మొహం వంక చూసింది. అప్పుడామె ఒక్క మాట చెప్పాలి. 'నెత్తురుకి వేడి పనికిరాదు అంకయ్యన్నా, అతుక్కుపోద్ది' అని. చంటిపిల్ల బట్ట ఉతికిన ఏ ఆడదైనా చెప్పే మాట అది. చొక్కా విప్పి పారేస్తే తెల్లగా తిరిగొస్తుందని తప్ప ఇంకేమీ తెలియని మగవాళ్ళు, ఉడకబెడితే అన్నీ పోతాయనుకున్నారు.

"అట్టాగే అన్నా" అంది రావులమ్మ.

తడపకుండానే ఆ బట్టలను నాలో వేసింది. నా అడుగున నీళ్ళు అప్పటికే సలసలా కాగుతున్నాయి. ఎన్నో వేల బట్టలు ఉడికించాను గానీ, ఆ రోజు నాలోంచి లేచిన ఆవిరి లాంటిది నేను ఎరగను. మంట చాలదని అంకయ్య తానే తాటిమట్టలు తెచ్చి పొయ్యిలోకి తోశాడు. చుట్ట ముట్టించుకుని గట్టు మీద కూర్చున్నాడు. మాస్టారు రాసిన మూడు అక్షరాలు అతని కాళ్ళ పక్కనే ఇసుకలో ఉన్నాయి. అతనికి చదువు రాదు గనుక వాటిని కోడిగీతలు అనుకుని ఉంటాడు. లేచి వెళ్ళేటప్పుడు వాటి మీదుగానే నడిచాడు.

"సాయంత్రానికి ఇంటికి తీసుకురా" అన్నాడు.

అతను గట్టు దాటాక రావులమ్మ కర్రతో బట్టలు పైకి తీసింది. ఎర్రగా ఉన్నదంతా కాలిన ఇటుక రంగుకు తిరిగి, నేత పోగుల్లోకి దిగిపోయింది. చెన్నయ్య తల బాదుకున్నాడు.

"ఏం పని చేశావే! నెత్తురు బట్ట ఉడకేస్తావా? అంత తెలీదా నీకు?"

"తెలుసు" అందామె.

చెన్నయ్య ఆమె చేతిలోని తువ్వాలు మూల చూశాడు. అలాగే బండ మీద కూలబడ్డాడు.

సాయంత్రం ఆమె పంచె, రెండు చొక్కాలు మాత్రం పెద్దింటికి తీసుకెళ్ళింది. అక్కడ ఏం జరిగిందో తిరిగొచ్చి నా పక్కన కూర్చుని మొగుడికి చెప్పింది. భూషయ్యగారు పంచె విప్పి చూసి, "ఇదేందే?" అన్నారట. "ఉడకబెట్టమన్నారు గదా దొరా, ఉడకబెట్టా" అందట. ఆయన అంకయ్య వైపు ఒక చూపు చూసి, బట్టలను నీళ్ళపొయ్యిలో పారేయించారట. ఎన్ని బట్టలు వెళ్ళాయి, ఎన్ని వచ్చాయి అని ఎవరూ అడగలేదు. ఆ మూట ఆడవాళ్ళు కట్టి ఉంటే అడిగేవాళ్ళే. మగవాళ్ళు కట్టిన మూటకు లెక్క లేదు. ఆమె వెనక్కి తిరుగుతుంటే ఆయన నెమ్మదిగా అన్నారట: "రావులమ్మా, రేవు ఒంటరి తావు. జాగ్రత్తగా ఉండు."

బడి తలుపు తెరుచుకోలేదు. మాస్టారు ఎవరో ఆడమనిషిని తీసుకుని వెళ్ళిపోయాడని ఊళ్ళో మాట పుట్టింది. ఎక్కడ పుట్టిందో అందరికీ తెలుసు, అయినా అందరూ దాన్ని ఎత్తుకుని ముద్దుచేశారు. ఠాణా నుంచి ఒక జవాను వచ్చి, పెద్దింట్లో భోంచేసి, ఆ మాటే రాసుకుని వెళ్ళాడు. రేవు గట్టు మీద తవ్వి వదిలిన గుంటలన్నీ పూడిపోయి, కంచె రాళ్ళు నిలబడ్డాయి, నా పొయ్యి దాకా మాత్రం ఇంకా రాలేదు. బట్టలు ఉడకేసే రోజు ఆ తువ్వాలు రావులమ్మ రొండిన, మిగతా రోజుల్లో బోర్లించిన నా కడుపు కింద ఉంది. ఎండినా, ఆరినా అది నాకు బరువుగానే తోచింది.

పదిహేడో రోజున మాస్టారు తల్లి దీనమ్మ వచ్చింది. ఊళ్ళో ఎవరూ ఆమెను కూర్చోమనలేదు. ఆఖరికి రేవులోకి దిగి, నా పక్కన ఇసుకలో చతికిలబడింది.

"నా కొడుకు బట్టలు ఉతికింది నువ్వేనంట గదమ్మా. పోయేటప్పుడు ఏ బట్టలేసుకున్నాడో చెప్పు తల్లీ. లేచిపోయాడంటున్నారు. గదిలో చూస్తే చొక్కాలన్నీ దండేన ఉన్నాయి. లేచిపోయేవాడు ఒంటి మీద బట్టలతోనే పోతాడా?"

చెన్నయ్య వద్దన్నట్టు తల ఊపాడు. రావులమ్మ లేచి నన్ను ఒక పక్కకు ఒరగదీసి, తువ్వాలు తీసి ముసలామె ఒళ్ళో పెట్టింది. దీనమ్మ దాన్ని రెండు చేతులతో నిమిరింది.

"వాడిదే. అంచు నేనే కుట్టా. ఇదేందమ్మా, తుప్పు పట్టింది? తీగ మీద ఆరేసుకున్నాడు కామోసు. నిమ్మకాయ రుద్దితే పోద్దిగా?"

"పోదు పెద్దమ్మా" అంది రావులమ్మ. "అది తుప్పు కాదు. పోకూడదనే నేను ఉడకబెట్టా."

దీనమ్మ ఏడవలేదు. తువ్వాలును నాలుగు మడతలు పెట్టి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడత పెట్టింది.

మరునాడు పొద్దున్నే రావులమ్మ నన్ను నెత్తిన పెట్టుకుంది. తువ్వాలు నా లోపల, దాని మీద నాలుగు మాసిన గుడ్డలు. ఊరి మధ్యగా, పెద్దింటి ముందుగా నడిస్తే తప్ప పట్నం దారి లేదు. అరుగు మీద అంకయ్య ఉన్నాడు.

"యాడికే బాన మోసుకుని?"

"చిల్లి పడిందన్నా. కంచరోళ్ళ దగ్గరికి."

"ఏదీ చూడనీ" అంటూ దిగి వచ్చాడు. నా మీద వేళ్ళు ముడిచి ఒకసారి కొట్టాడు. ఖంగుమన్నాను. అతను మునివేళ్ళ మీద లేచి లోపలికి తొంగిచూసి, పై గుడ్డను రెండు వేళ్ళతో ఎత్తాడు. రావులమ్మ మెడలో నరం కొట్టుకోవడం నాకు అడుగున తెలిసింది.

"పురిటి గుడ్డలన్నా, ముట్టుకోబాక. మైల" అందామె.

అతను చేయి కాలినట్టు వెనక్కి తీసుకున్నాడు. మనిషిని మాయం చేయడానికి జంకనివాడు మైలకు జంకాడు.

ఏరు దాటాక దీనమ్మ కలిసింది. ఇద్దరూ పన్నెండు మైళ్ళు నడిచారు. పట్నంలో పెద్ద పోలీసు ఆఫీసు వరండాలో నన్ను దించారు. గంటల తరబడి కూర్చున్నాక లోపలికి పిలిస్తే, నన్ను కూడా మోసుకుని వెళ్ళారు. ఆ అధికారి చెడ్డవాడు కాదు, కాకపోతే ఊరికే నమ్మేవాడు కాదు.

"తువ్వాళ్ళన్నీ ఒకలాగే ఉంటాయి. ఇది ఆ మాస్టారుదేనని ఎట్లా చెప్తావు?"

"నా గుర్తుందయ్యా."

"నలుసంత గీత. ఇదొక సాక్ష్యమా?"

రావులమ్మ ఆయన మెడ వైపు చూపించింది. "మీ చొక్కా కాలరు లోపలికి తిప్పి చూసుకోండయ్యా. ఈ పట్నం చాకళ్ళు అక్కడే పెడతారు. మీ ఇంటికంటూ ఒకటి ఉంటది, ఇంకో ఇంటికి ఉండదు."

ఆయన కాలరు తిప్పాడు. ఒక మూలగా మూడు గీతలు, ఒక సున్నా. పక్కనున్న గుమాస్తా కూడా తన కాలరు తడుముకున్నాడు. ఏళ్ళ తరబడి మెడకు ఆనుకుని తిరిగిన గుర్తును ఇద్దరూ మొదటిసారి చూసుకున్నారు.

"చెప్పు, రాసుకుంటాను" అన్నాడు ఆయన.

పూడిన కంచె గుంటల సంగతితో సహా అంతా చెప్పింది. గుమాస్తా రాసి, సిరాపెట్టె ముందుకు తోసి, "వేలిముద్ర వెయ్యి" అన్నాడు.

"సంతకం చేస్తానయ్యా."

కలం పిడికిట పట్టుకుని, నుదుట చెమట పట్టేదాకా రాసింది. గుమాస్తా కాగితం తిప్పి చదివాడు. "రావుల... మిగతాదేదీ?"

"అంతవరకే నేర్పారయ్యా. మిగతాది రేపొచ్చి చెబుతా అన్నారు."

అధికారి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

వాళ్ళు వచ్చి రేవు గట్టు తవ్వారు. నాలుగో కంచె రాయి కింద మాస్టారు ఉన్నారు. నా పొయ్యికి ఇరవై బారల దూరం. పదిహేడు రోజులు ఆయన పక్కనే కూర్చుని ఊరి బట్టలు తెల్లగా చేశాను నేను.

అంకయ్యకు శిక్ష పడింది. అతను అయ్యగారి పేరు ఎత్తలేదు. పంచె బూడిదైపోయింది గనుక, భూషయ్యగారు మెడలో దండతో ఊళ్ళోకి తిరిగొచ్చారు. ఆ మరునాటి నుంచి ఒక్క ఇల్లు కూడా రావులమ్మకు మూట వేయలేదు. ఎవరో విసిరిన రాయికి నా పక్క సొట్టపోయింది. చెన్నయ్య, రావులమ్మ నన్ను బండి మీద వేసుకుని పట్నం చేరారు. ఆమె ముసలితనం దాకా ఇస్త్రీ బండి తోసింది. నేను నీళ్ళ తొట్టినయ్యాను. ఆమె పోయాక పెళ్ళిళ్ళ వంటవాడి చేతిలో పడి, చిల్లి పడేదాకా కాగాను. ఇప్పుడు పాత సామాన్ల కొట్టు వెనక, రెక్కలు విరిగిన పంకాల మధ్య పడి ఉన్నాను. మూతి విరిగిన బట్టలుతికే యంత్రం ఒకటి నా పక్కనే ఉంది. దాని కడుపులోనూ ఎవరెవరివో సంగతులు ఉండే ఉంటాయి. అది ఇంకా నోరు విప్పలేదు. కొలిమివాడి బండి రేపు వస్తుందని కొట్టువాడు అనగా విన్నాను. కరిగితే నా సొట్ట పోతుంది, కంచరి సుత్తి దెబ్బలు పోతాయి. అందుకే ఇవాళే చెబుతున్నాను.

మీ ఇంట్లో ఎప్పుడైనా వేలు తెగి బట్ట మీద నెత్తురు పడితే, కంగారుపడకండి. వేడినీళ్ళ జోలికి పోకండి. చన్నీళ్ళు పోయండి, ఉప్పు వేయండి, మళ్ళీ చన్నీళ్ళు పోయండి. మరక పోతుంది. ఆ నీళ్ళు ఎర్రబడి జారిపోతుంటే చూస్తూ, ఒక్క క్షణం సత్యానందం మాస్టారును తలుచుకోండి. ఆయన ఎవరితోనూ వెళ్ళిపోలేదు.